పెళ్లి చీర కొనే ముందు జరీ సంగతి

బరంపురం

ఒరే సూర్యం,

నిన్న నీ ఫోన్ మధ్యలో కట్టయిపోయింది. మళ్లీ చేస్తే చెల్లెమ్మ ఎత్తి, "అన్నయ్యా, ఈయన చీరల ఫొటోలు చూసి చూసి టెన్షన్ పడిపోతున్నారు, మీరే ఏదో ఒకటి చెప్పండి" అంది. ఫోన్లో చెబితే నువ్వు సగం వినవు, విన్న సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నా. బస్సులో చదువుకో.

ఆ కొట్టాయన "ప్యూర్ జరీ సార్, కావాలంటే సిల్క్ మార్క్ చూసుకోండి" అన్నాడని చెప్పావు కదా. జరీకీ సిల్క్ మార్క్‌కీ సంబంధమే లేదురా. అది సెంట్రల్ సిల్క్ బోర్డు వాళ్లు 2004లో తెచ్చిన గుర్తు. పట్టు అసలుదా కాదా అన్నంతవరకే దాని పూచీ. హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే చేతిమగ్గం మీద నేసిందని అర్థం, అంతే. జరీలో వెండి ఉందో, రాగి ఉందో, ప్లాస్టిక్కే ఉందో ఈ రెండిట్లో ఏదీ చెప్పదు. కొనేవాళ్లు ఆ మెరిసే స్టిక్కర్ చూసి జరీకి కూడా గ్యారంటీ వచ్చేసిందనుకుంటారు. అమ్మేవాడు కాదనడు మరి!

జరీలో ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది అసలు జరీ. వెండి తీగని సన్నగా లాగి, రేకులా చదును చేసి, పట్టు దారం చుట్టూ చుడతారు. దాని మీద బంగారం పూత పూస్తారు. సూరత్ ఈ పనికి పేరుమోసిన ఊరు. రెండోది టెస్టెడ్ జరీ. ఇందులో లోపలిది రాగి తీగ, వెండి పైపైన పూతే. బంగారు రంగు చాలాసార్లు లక్క లాంటి పూత వల్ల వస్తుంది. లోపలి దారం నూలో, పాలిస్టరో, ఏదైనా కావచ్చు. మూడోది ప్లాస్టిక్ జరీ. పాలిస్టర్ ఫిల్ముకి లోహపు పూత వేసి, సన్నగా కోసి చుట్టేస్తారు.

"బంగారు జరీ" అనగానే నువ్వు తులాల్లో లెక్కేస్తావని నాకు తెలుసు. కంచి పట్టు చీరకి జీఐ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) కింద చెప్పిన కొలతే చూడు: జరీలో వెండి 57 శాతం, బంగారం 0.6 శాతం. అంటే చీరలో వంద గ్రాముల జరీ పడితే వెండి 57 గ్రాములు, బంగారం అర గ్రాము పైచిలుకు. ఆ పేరున్న జరీలోనే బంగారం అంతైతే, కొట్టువాడు "బంగారం, బంగారం" అని ఎన్నిసార్లన్నా నువ్వు వెండి గురించే అడుగు.

కొట్లో ఎలా తెలుసుకోవాలంటావా? చీర తిరగేసి చూడు. పైట చెంగు వెనకవైపు, బుటాల వెనక తెగిన జరీ పోగులు వేలాడుతుంటాయి. అడిగి ఒకటి తీసుకుని గోరుతో విప్పు. లోపల ఎర్ర పట్టు కనబడితే అసలు జరీ అని చాలామంది చెబుతారు. అది నమ్మకు. నకిలీ చేసేవాడికి దారం ఎర్రగా అద్దడం ఎంత పని? పై రేకుని గీకి చూడు: తెల్లగా తేలితే వెండి, ఎర్రగా తేలితే రాగి. ఆ పోగుకి అగ్గిపుల్ల చూపిస్తే ప్లాస్టిక్ జరీ ముడుచుకుపోయి గట్టి ఉండ కడుతుంది. అసలుదైతే లోపలి పట్టు, వెంట్రుకలు కాలిన వాసనతో బూడిదవుతుంది, వెండి రేకు మిగిలిపోతుంది. ఇదంతా బయటికొచ్చి చెయ్యి, కొట్లో కాదు! ఇంకా అనుమానముంటే నగల కొట్లో బంగారం స్వచ్ఛత చూసే ఎక్స్‌రే మిషన్ కింద అంచు పెట్టించు. చీరకి ఏమీ కాదు. "మిషన్ దగ్గర చూపించుకోవచ్చా?" అని చీరల కొట్టాయన్ని ముందే అడుగు. అప్పుడు ఆయన మొహం చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

అలాగని టెస్టెడ్ జరీ మోసం అనుకోకు. టెస్టెడ్ అని చెప్పి, ఆ ధరకే అమ్మితే అది నిజాయితీ బేరమే. చుట్టాలకి పెట్టే చీరలకి అదే కొను. కాకపోతే మన సముద్రపు గాలికి రాగి తొందరగా నల్లబడుతుంది. వెండి కూడా నల్లబడేదే, కానీ మెరుగు పెట్టించుకోవచ్చు. చీర చిరిగినా కరిగించి వెండి తీసుకునేవాళ్లుంటారు. అందుకని అమ్మాయి తలంబ్రాల చీర ఒక్కటీ అసలు జరీది కొను, చాలు. బిల్లు మీద ఉత్త "పట్టు చీర" అని కాకుండా "వెండి జరీ" అని రాయించు. రాయనంటే లేచి వచ్చెయ్.

నా మాట వింటే ఒక చీరైనా మన ఊరి పట్టు తీసుకో. 2012లో జీఐ వచ్చిన ఫొడా కుంభ చీర ఉంది చూడు, గుడి గోపురాల వరసలా అంచు ఉంటుంది. దాని అందం చీర ఒంటి రంగుకీ అంచు రంగుకీ ఉన్న తేడాలో ఉంది, జరీ తూకంలో లేదు. ఇప్పుడందరూ కంచి చీరలా జరీ దట్టించమంటున్నారు. నాకైతే నచ్చదు. నేసేవాళ్లలో మన తెలుగు దేవాంగులే ఎక్కువ కాబట్టి బేరం మన భాషలోనే ఆడొచ్చు. వాళ్లింటికే వెళ్తే నేతకి ముందే జరీ రీలు చేత్తో పట్టుకుని చూడొచ్చు. అల్లుడికి జోడు, అంటే పట్టు పంచె, ఉత్తరీయం కూడా అక్కడే దొరుకుతాయి.

కొన్నాక నూలు గుడ్డలో చుట్టి పెట్టమని అమ్మాయికి చెప్పు. సెంటు జరీ మీద పడకూడదు. అప్పుడప్పుడు మడత మార్చాలి, లేకపోతే మడత దగ్గర జరీ తెగుతుంది.

పర్లాకిమిడిలో పొద్దున్నే బయల్దేరు. కొట్లో లైట్ల కింద అన్ని జరీలూ ఒకేలా మెరుస్తాయి, పగటి వెలుతురులో బయటికి తెచ్చి చూడాలి. భోజనం మా ఇంట్లోనే. చెల్లెమ్మని తప్పకుండా తీసుకురా. డబ్బు సంచీ మాత్రం ఆవిడ దగ్గరే ఉండనీ, నీ బేరాలు నాకు తెలుసు.

ఇట్లు,
నీ రాజు