జనరల్ డబ్బా ఎక్కడ ఆగుతుంది?

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, కరీంనగర్ రైల్వే స్టేషన్లను అమృత్ భారత్ పథకం కింద తీర్చిదిద్ది 2025 మే 22న ప్రారంభించిన నాటి నుంచి మీ జిల్లా పేజీల్లో స్టేషన్ల ముస్తాబు గురించి వార్తలు, ఫొటోలు తరచుగా కనిపిస్తున్నాయి. కాకతీయుల శిల్పరీతి గుర్తుకు వచ్చేలా వరంగల్ స్టేషన్‌ను మార్చడం నాకూ నచ్చింది. మనుమలను అక్కడ నిలబెట్టి ఫొటో తీసినవాళ్లలో నేనూ ఒకణ్ని. అయితే ముఖద్వారం దాటి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లాక, బండి రావడానికి ముందు పది నిమిషాల్లో రోజువారీ ప్రయాణికులు పడే గడబిడ గురించి ఎవరూ రాయడం లేదు. నేను ఆ ఒక్క విషయం మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. ఉద్యోగ కాలంలో పందొమ్మిదేళ్లు కాజీపేటలో రైలెక్కి జనగామ వైపు సీజన్ టికెట్ మీద రోజూ వెళ్లి వచ్చాను. మాతోపాటు బ్యాంకు గుమాస్తాలు, కోర్టు ఉద్యోగులు, కూరగాయల గంపలవాళ్లు, పేకముక్కలు జేబులో పెట్టుకొని వచ్చే ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఉండేవారు. ఆ ప్రయాణం మాకు నేర్పిన విద్య ఒకటుంది. మేం ఎక్కే చోట నీళ్ల ట్యాంకు దాటాక రెండో వేపచెట్టు దగ్గర నిలబడితే పొద్దటి బండి జనరల్ డబ్బా తలుపు సరిగ్గా మా ముందుకు వచ్చి ఆగేది. సాయంత్రం బండికి ఆ చెట్టు పనికిరాదు, దానికి టీ కొట్టు గుర్తు. ఈ లెక్క ఏ బోర్డు మీదా ఉండదు, ఏ మైకులోనూ చెప్పరు. కొత్తగా బదిలీ మీద వచ్చిన టీచర్‌కు మేమే మొదటి రోజు చూపించేవాళ్లం.

ఆ లెక్క మీద నాకున్న నమ్మకం నిరుడు దసరా వెళ్లిన వారంలో ఒక స్టేషన్‌లో నన్ను తలదించుకునేలా చేసింది. సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకున్న ఒకామె నా దగ్గరికి వచ్చి, "సారూ, జనరల్ డబ్బా ముంగట వస్తదా, ఎనుక వస్తదా?" అని అడిగింది. నేను ఏమాత్రం ఆలోచించకుండా ముందే వస్తుందని చెప్పి, ఆమెను నా పక్కనే నిలబెట్టాను. ఆ రోజు బండి వరుస మారింది. ముందు ఉండాల్సిన జనరల్ డబ్బాలు లేవు, ఉన్నవన్నీ తోక వైపు చేరాయి. మా ముందుకు వచ్చి ఆగినవి తలుపులు మూసిన ఏసీ బోగీలు. బండి ఆగేది రెండు నిమిషాలు. ఆమె గంప పట్టుకొని ప్లాట్‌ఫారం పొడుగునా పరుగెత్తింది, సగం దూరంలో గంప ఒరిగింది, మాగిన కాయలు కింద పడి చితికిపోయాయి, కొన్ని ప్లాట్‌ఫారానికీ బండికీ మధ్య సందులోకి జారాయి. వాటిని ఏరుకుంటుండగానే బండి కదిలింది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను నష్టం ఇస్తానంటే తీసుకోలేదు కూడా.

ఇది జరిగిన కొన్ని నెలలకు మా అబ్బాయి దగ్గరికి టోక్యో వెళ్లి మూడు నెలలు ఉన్నాను. వాళ్లుండేది ఎదొగావా వార్డులో, నిషి కసాయ్ అనే స్టేషన్‌కు నడిచివెళ్లేంత దూరంలో. నిషి అంటే వారి భాషలో పడమర. కసాయ్ అన్న పేరు మన చెవికి మరోలా వినబడి మా ఆవిడ మొదటి రోజు బెదిరింది కానీ, ఆ ఊరి మనుషులు చాలా నెమ్మదస్తులు. 2000 సంవత్సరం కంప్యూటర్ సమస్య రోజుల నుంచి మన దేశపు ఇంజనీర్లు అక్కడ ఎక్కువగా స్థిరపడ్డారు. కందిపప్పు, చింతపండు కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. స్టేషన్ మాత్రం ఎవరూ పనిగట్టుకొని చూడటానికి వెళ్లేది కాదు. 1979లో తెరిచిన ఈ స్టేషన్ వంతెన మీద ఉంటుంది, పట్టాల కింద దుకాణాలుంటాయి, గోపురాలు, శిల్పాలు ఏమీ ఉండవు. తోజాయ్ లైను అనే మెట్రో మార్గంలో ఉన్న 23 స్టేషన్లలో ఇదొకటి. భూమి లోపల నడిచే ఆ రైలు అరకావా నది దగ్గర పైకి వచ్చి, నది దాటగానే ఆగే మొదటి చోటు ఇదే.

జపాన్ రైళ్లు అనగానే మనవాళ్లు బుల్లెట్ రైలు గురించి, ఇరవై సెకన్లు ముందు కదిలినందుకు క్షమాపణ చెప్పిన సంగతి గురించి మాట్లాడతారు. 2017 నవంబరులో అలా చెప్పిన మాట నిజమే కానీ అది వేరే సంస్థ నడిపే వేరే లైను. నన్ను ఆపి నిలబెట్టింది అంతకంటే చిన్న విషయం. నిషి కసాయ్ ప్లాట్‌ఫారం నేల మీద ఏ నంబరు డబ్బా ఏ నంబరు తలుపు ఎక్కడికి వస్తుందో రాసి ఉంటుంది. జనం ఆ గుర్తుల వెనక వరుసగా నిలబడతారు, తలుపు వచ్చి అక్కడే తెరుచుకుంటుంది. ఒక రోజు మేం అలా ఒక గుర్తు దగ్గర నిలబడితే మా అబ్బాయి, "ఇక్కడ కాదు నాన్నా, ఇంకో మూడు డబ్బాలు అవతల ఎక్కుదాం, అమ్మకు దిగంగనే లిఫ్టు ఉంటది" అన్నాడు. నీకెలా తెలుసని అడిగితే ఒక పటం చూపించాడు. పది డబ్బాల రైలు బొమ్మ, పక్కన లైనులోని స్టేషన్ల పేర్లు, ఏ స్టేషన్‌లో ఏ డబ్బాకు ఎదురుగా మెట్లున్నాయి, ఎస్కలేటర్ ఎక్కడ, లిఫ్టు ఎక్కడ అన్నది చిన్న చిన్న గుర్తులతో వేసి ఉంది. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడకు ఆ పటం ఏ డాక్టరూ ఇవ్వలేని ఉపశమనం ఇచ్చింది.

ఈ పటం పుట్టిన వైనం వింటే నాకు మా వేపచెట్టే గుర్తుకు వచ్చింది. దాన్ని మొదట తయారుచేసింది రైల్వే అధికారులు కాదు. 1990ల్లో చిన్న బిడ్డను తోపుడు బండిలో కూర్చోబెట్టుకొని టోక్యో భూగర్భ రైళ్లలో తిరిగిన ఒక తల్లి, దిగిన ప్రతిచోటా ఎస్కలేటర్ కోసం వెతుక్కోలేక విసిగి, స్టేషన్ స్టేషన్‌కూ తిరిగి, ఏ డబ్బాలో ఎక్కితే దేనికి దగ్గరవుతామో తానే రాసుకుంది. ఆ రాత తరువాత అచ్చయింది, స్టేషన్ల గోడలకు ఎక్కింది. మా దగ్గరా పందొమ్మిదేళ్ల రాత ఉంది. అది మా తలల్లోనే ఉండిపోయింది, చివరికి తప్పిపోయింది కూడా.

అక్కడ అంతా స్వర్గమని చెప్పడం నా ఉద్దేశం కాదు. తోజాయ్ లైను పొద్దటి రద్దీకి జపాన్‌లోనే పేరుమోసింది. కరోనాకు ముందు కిబా, మొన్‌జెన్ నకాచొ స్టేషన్ల మధ్య అది, బండి పట్టే మనుషుల లెక్కతో పోలిస్తే, 199 శాతానికి చేరింది. 200 శాతం అంటే ఏమిటో కూడా వాళ్ల ప్రభుత్వం మాటల్లో చెప్పింది: ఒళ్లు ఒళ్లు తగిలి ఒత్తిడి తెలుస్తుంది, అయినా వారపత్రికలాంటిది ఎలాగో చదువుకోవచ్చు. మన సంక్రాంతి జనరల్ డబ్బాకు ఈ కొలత పెడితే ఏమవుతుందో మీ పాఠకులే ఊహించుకోగలరు. రద్దీ వేళ గంటకు 27 రైళ్లు నడిపినా ఆ ఇరుకు తీరలేదు కనుక, ఎక్కడం దిగడం తొందరగా కావడానికి కొన్ని డబ్బాల తలుపులను 1.8 మీటర్ల దాకా వెడల్పు చేశారు. పెందలాడే బయలుదేరేవారికి బహుమతి పాయింట్లు ఇచ్చే పద్ధతి కూడా పెట్టారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రైళ్ల నిలుపుదల. మామూలు వేళల్లో ఆ లైనులోని వేగపు బండి నిషి కసాయ్‌లో ఆగదు. మన దగ్గర సూపర్‌ఫాస్ట్ దాటిపోయినట్టే దాటిపోతుంది. పక్కనున్న కసాయ్‌లో అన్ని చోట్లా ఆగే బండిని పక్కకు పెట్టి దాన్ని ముందుకు పంపుతారు, అంటే పాసింజర్ పక్కకు తప్పుకోవడం అక్కడా ఉంది. కానీ పనిదినాల్లో పొద్దున ఉద్యోగాలకు పోయేవేళ నగరం వైపు వెళ్లే వేగపు బండి ఉరయాసు అనే స్టేషన్ నుంచి ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది. దూరం నుంచి వచ్చేవారికి కాస్త ఆలస్యమైనా సరే, రోజూ ఎక్కేవారిని వదిలి వెళ్లకూడదన్న లెక్కగా అది నాకు తోచింది. మన ఘన్‌పూర్, రఘునాథపల్లి, అటు నెక్కొండ, కేసముద్రం, ఇటు ఉప్పల్, ఓదెల ప్రజలు ఒక్క స్టాపేజీ కోసం ఎన్ని వినతిపత్రాలు రాశారో పాత పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది.

ఈ సౌకర్యాలకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న సహజం. అక్కడ 2023 మార్చి నుంచి లిఫ్టులు, ప్లాట్‌ఫారం అంచు తలుపుల వంటి పనుల కోసమని చెప్పి టికెట్ మీద 10 యెన్లు కలిపి తీసుకుంటున్నారు. కనీస చార్జీ 180 యెన్లయింది. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి తీసుకోవడం నాకు నచ్చింది. మన దగ్గర కరోనా తరువాత పాసింజర్ బండికి ఎక్స్‌ప్రెస్ చార్జీ కింద కనీసం 30 రూపాయలు తీసుకున్నారు, 2024లో మళ్లీ 10 రూపాయలకు తెచ్చారు. ఆ నాలుగేళ్లు పేదవాడు ఎక్కువ కట్టిన ఆ ఇరవై రూపాయలు ఏ సౌకర్యంగా మారాయో ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం ఇప్పుడు కోట్ల రూపాయల పని ఏదీ అడగడం లేదు.

రైల్వేవాళ్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. నిషి కసాయ్‌లో రెండే పట్టాలు, పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి. నగరం లోపలికి వెళ్లే బండి వచ్చే అంచు ఏనాడూ మారదు. కాజీపేట అలాంటిది కాదు. అది ఢిల్లీ, సికింద్రాబాద్, విజయవాడ దారులు మూడూ కలిసే జంక్షన్. బొగ్గు బండ్లు, సిమెంటు బండ్లు మధ్యలో దూరతాయి, ఇంజను అటు నుంచి ఇటు మార్చితే డబ్బాల వరుస తలకిందులవుతుంది, కాబట్టి ప్రతి రైలుకూ నేల మీద శాశ్వతంగా గీత గీయడం కుదరదని అధికారులు అంటే కాదనను. కానీ పొద్దున, సాయంత్రం ఉద్యోగులు, విద్యార్థులు ఎక్కే రైళ్లు ప్రతి స్టేషన్‌లోనూ నాలుగైదుకు మించవు. ఆ నాలుగైదింటికైనా డబ్బాల వరుసను ఖాయం చేసి, జనరల్ డబ్బా ఒక రంగు, మహిళల డబ్బా ఇంకో రంగు, దివ్యాంగుల డబ్బా మరో రంగుగా ప్లాట్‌ఫారం మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయించవచ్చు. వరుస మారిన రోజున బండి బయలుదేరిన చోటే ఆ సంగతి తెలుస్తుంది కనుక, అది వచ్చే పావుగంట ముందు మైకులో ఒక్క మాట చెప్పించవచ్చు. పెద్ద స్టేషన్లలో వెలిగే డబ్బాల నంబర్ల బోర్డులు రిజర్వేషన్ ఉన్నవారికి ఎలాగూ దారి చూపుతున్నాయి. టికెట్ మీద డబ్బా నంబరే లేని మనిషికి వాటితో పెద్దగా పని పడదు.

ఈ ప్లాట్‌ఫారం నేల గురించే ఇంకొక మాట. చూపులేనివారి కోసం వేసే గరుకు పలకలు పుట్టింది జపాన్‌లోనే. మియాకె సెయిచి అనే ఆయన తయారుచేసిన వాటిని 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి వీధిలో పరిచారు. మన స్టేషన్లలోనూ ఆ పసుపు పచ్చ పలకలు వచ్చాయి, కానీ ఒక చోట ఆ వరుస నేరుగా నీళ్ల సీసాల పెట్టెల కిందికి పోయి, అవతల మళ్లీ బయటపడటం నేను చూశాను. చేతికర్రతో వచ్చేవారు ఆ పెట్టెల దగ్గర ఏం చేయాలో నాకు అర్థం కాలేదు. పెట్టెలు జరపడానికి టెండరు పిలవనక్కరలేదు.

ఈమధ్య కొన్ని రైళ్లకు జనరల్ డబ్బాలు పెంచారు, మూడో లైను పనులు జరుగుతున్నాయి, రేపు బండ్లు ఇంకా పెరుగుతాయి. ఎక్కేవాళ్లు పెరిగేకొద్దీ రెండు నిమిషాల పరుగు కూడా పెరుగుతుంది. కనుక కాజీపేట, వరంగల్ పరిధిలోని స్టేషన్లలో ఎక్కడో ఒక్క చోట, ఒక్క పొద్దటి బండికైనా ఈ గుర్తులు వేసి మూడు నెలలు చూడవలసిందిగా మీ పత్రిక ద్వారా రైల్వే అధికారులను కోరుతున్నాను. ఏ డబ్బా ఎక్కడ ఆగుతుందో కొలవడానికి మనుషులు కావాలంటే మా పాత సీజన్ టికెట్ మిత్రులం ఎనిమిది మందిమి ఉన్నాం. అందరం పదవీ విరమణ చేసినవాళ్లమే, పొద్దున్నే లేచే అలవాటు పోలేదు. ఈసారి మాత్రం వేపచెట్టును నమ్మకుండా, టేపు పెట్టి కొలిచి, రోజువారీగా రాసి ఇస్తాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.