కోచింగ్ అంటే హోటల్ హాల్లో చప్పట్లేనా?

సంపాదకుల వారికి,

స్టార్టప్‌ల వాళ్లకు సలహాలిచ్చే మెంటార్ల గురించి మీ బిజినెస్ పేజీలో తరచూ రాస్తున్నారు, సంతోషం. మాలాంటి పాత షెడ్ల వాళ్లకు కూడా అలాంటి మనిషి ఒకరు కావాలని ఎవరూ రాయడం లేదు, అందుకే ఈ ఉత్తరం. గుంటూరు నల్లచెరువులో మాకు చిన్న కారం మిల్లు ఉంది, నాన్నగారి కాలం నుంచీ.

బిజినెస్ కోచింగ్ అనే మాట వింటేనే మొన్నమొన్నటి దాకా నాకు ఒళ్లు మండేది. మూడేళ్ల కిందట విజయవాడలో ఒక హోటల్లో రెండు రోజుల క్లాసంటే పద్దెనిమిది వేలు కట్టి వెళ్లాను. సూటు వేసుకున్నాయన కళ్లు మూసుకుని పది కోట్ల టర్నోవర్ ఊహించుకోమన్నాడు, తర్వాత పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని గట్టిగా అరవమన్నాడు. నా పక్కన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టించే ఆయన ఉన్నారు, భోజనాల దగ్గర "అరుపులు మా షెడ్డులో ఉచితమేనండీ" అన్నారు. రెండో రోజు సాయంత్రం లక్షన్నర రూపాయల ఇంకో కోర్సు అంటగట్టబోతే లేచి వచ్చేశాను.

తర్వాత మా బావమరిది పోరు పడలేక ఇంకొకరిని పిలిచాను. ఒక మసాలా కంపెనీలో ఖర్చుల లెక్కలు చూసి రిటైరైన పెద్దాయన, పదిహేను రోజులకోసారి మంగళవారం పూట వస్తారు. మొదటి రోజు సలహా ఏదీ ఇవ్వలేదు, మిల్లులో స్టూలు వేసుకుని తుమ్ముతూనే సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నారు. వెళ్లేముందు, మిర్చి యార్డు నుంచి వచ్చిన వంద కిలోల కాయకు పొడి ఎంత దిగుతుందని అడిగారు. తొంభై ఐదు అన్నాను, నాన్న చెప్పిన లెక్క అది. ఎప్పుడైనా తూచారా అన్నారు. తూచలేదు.

మరుసటి వారం తేజ రకం కాయ, ఏసీ సరుకే (కోల్డ్ స్టోరేజీలో ఉంచినది), రెండు టిక్కీలు (బస్తాలు) విప్పించి వంద కిలోలు కాటా వేశాం. ఆడవాళ్లు తొడిమలు తీసి తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఏరాక ఒకసారి, ఎండబెట్టాక ఒకసారి, మరలోంచి పొడి వచ్చాక ఒకసారి తూచితే చివరికి నిలిచింది 86 కిలోలు. క్వింటా 15 వేలకు కొన్న కాయ మీద కిలో పొడి 158 రూపాయలకు పడుతోందని ఇన్నేళ్లూ రేటు కట్టాను, నిజానికి పడుతున్నది 174 పైమాటే, అదీ కూలీ, కరెంటు, ప్యాకింగ్ కలపకుండా. వంద గ్రాముల ప్యాకెట్టు మీద రూపాయి అరవై పైసలు తేడా. దాని మీద మళ్లీ పెద్ద బ్రాండ్ల వాళ్లు ఇస్తున్నారు కదా అని కిరాణా కొట్లకు పది కొంటే ఒకటి ఫ్రీ స్కీము పెట్టాను! అమ్మకం పెరుగుతోందని మురిసిపోయిన ఆ రెండేళ్లూ వంద గ్రాముల ప్యాకెట్టు మీద చేతి డబ్బే పోసుకున్నాం. ఆ రాత్రి మా ఆవిడ లెక్కల పుస్తకం మూసేసి అన్నం కూడా పెట్టలేదు.

స్కీము తీసేశాం, కొన్ని కొట్లు పోయాయి, పోనీ. అరకిలో, కిలో ప్యాకెట్లతో హోటళ్లు, కర్రీ పాయింట్ల మీద పడ్డాం. రెండోది బాకీలు. ఒక సూపర్‌మార్కెట్ వాళ్లు నాలుగేసి నెలలు తిప్పేవారు. లోను కోసం ఎప్పుడో తీసి బీరువాలో పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) నంబరును బిల్లు మీద వేయించారు పెద్దాయన. చిన్న తయారీదారుకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి చట్టంలోనే ఉందట. గడువు దాటిన బాకీని కొన్నవాళ్లు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలని ఆదాయపు పన్ను చట్టంలో చేసిన సవరణ 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అందుకే, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి దగ్గర పడేసరికి సూపర్‌మార్కెట్ అకౌంటెంట్ తనే ఫోన్ చేశాడు!

ఆయన చెప్పినవన్నీ పనిచేశాయని కాదు. ఆన్‌లైన్‌లో అమ్మమన్నారు, కొరియర్‌లో ప్యాకెట్లు పగిలి తిట్లు తిన్నాం, మానేశాం. ఫీజు కూడా మొదట్లో భారమే అనిపించింది.

నా విన్నపం ఒక్కటే. చిన్న తయారీ యూనిట్ల కోసం 2023 మార్చిలో కేంద్రం లీన్ స్కీము (తయారీలో వృథా తగ్గించుకునేందుకు) పెట్టింది, సలహాదారు ఫీజులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. ఈ సంగతి మా వీధిలో ఒక్కరికీ తెలియదు, నాకూ పెద్దాయన చెబితేనే తెలిసింది. జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్లు కలెక్టరేట్‌లో అవగాహన సదస్సు పెట్టి టీ బిస్కెట్లు ఇచ్చి పంపే బదులు, మిర్చి యార్డులో ఒక బల్ల వేసుకుని వారానికో రోజు కూర్చుంటే సగం మంది మిల్లుల వాళ్లు అక్కడే దొరుకుతారు. మీరు కూడా ఆ దరఖాస్తు ఎలా పెట్టాలో ఒక అరపేజీ తెలుగులో వేయండి, కత్తిరించి మా మిల్లు గోడకు అంటిస్తాను.

పెద్దాయన వచ్చే మంగళవారం కందిపొడి లెక్క చూస్తానన్నారు. దాన్నీ ఇంతవరకు తూచలేదు.

— ఒక కారం మిల్లు యజమాని, గుంటూరు