ఫజర్‌కి లేచేవాడు, లేవనివాడు

ఒరే శీనూ,

"మీ సైకాలజీ వాళ్లు మనిషి స్వభావం చూసి వాడికెంత భక్తో చెప్పేస్తారటగా" అని వెటకారంగా రాశావు. అంత సీన్ లేదు రా. కానీ సంగతి మాత్రం భలే ఉంటుంది. టీ పెట్టుకుని కూర్చో, తీరిగ్గా రాస్తున్నా.

స్వభావాన్ని ఈ మధ్య ఐదు పాళ్లుగా కొలుస్తున్నారు: పద్ధతిగా ఉండటం, సర్దుకుపోవడం, కలివిడితనం, ఆందోళన, కొత్తదాని మీద మోజు. బెల్జియంలో పనిచేసే సరోగ్లూ అనే పరిశోధకుడు 2010లో 19 దేశాల్లోని 21,715 మంది లెక్కలు ఒకచోట చేర్చాడు. భక్తితో సంబంధం గట్టిగా కనిపించింది మొదటి రెంటికే. గట్టిగా అన్నానని మోసపోకు, అదీ స్వల్పమే.

ముస్లిం విద్యార్థుల మీద 1997లోనే వైల్డ్, జోసెఫ్ అనే ఇద్దరు మతనిష్ఠ కొలవడానికి 14 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారు చేశారు. దాంట్లో మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లకి ఐసెంక్ అనే సైకాలజిస్టు చెప్పిన 'సైకోటిసిజం' తక్కువగా తేలింది. పేరు చూసి పిచ్చి అనుకునేవు! మొరటుతనం, ఎదుటివాడిని ఖాతరు చెయ్యకపోవడం అన్నమాట.

నాకు తేడా కొట్టేది కొలత దగ్గరే. కువైట్‌లో అబ్దుల్ ఖాలిక్ అనే ప్రొఫెసర్ 2,210 మంది విద్యార్థులను మీ మతనిష్ఠకి 0 నుంచి 10 లోపు మీరే మార్కులు వేసుకోండి అన్నాడు. ఎక్కువ వేసుకున్నవాళ్లు సంతోషంగా కూడా ఉన్నామన్నారు. ఒకే కాగితం మీద తన భక్తికీ తన సంతోషానికీ తనే మార్కులేసుకునేవాడు, రెండుచోట్లా చెయ్యి కాస్త ధారాళంగా ఆడించడూ?

పోనీ చేసే పనులు లెక్కపెడదామంటే ఇంకో తంటా. రంజాన్‌లో మా హాస్టల్లో ముస్లిం కుర్రాళ్లం అందరం రోజా ఉంటాం. అందరూ చేసేది చూసి ఎవడి స్వభావం తేలుతుంది? తెల్లారకముందు ఫజర్ నమాజుకి లేవడం చూడు, అక్కడ తేడా తెలుస్తుంది. అదైనా పూర్తిగా నమ్మకు. నా రూమ్మేట్ ఒక్క ఫజర్ వదలడు. వజూ చేసుకుని (నమాజుకి ముందు కాళ్లూ చేతులూ మొహం కడుక్కోవడం లే) తడికాళ్లతో నా పుస్తకాల మీంచే నడుస్తాడు, ఫీజు ఎప్పుడూ ఫైనుతోనే కడతాడు. పక్క గదివాడు చొక్కాలు రంగుల వరసలో మడతపెడతాడు గానీ, శుక్రవారం జుమా నమాజుకి కూడా వాణ్ణి లాక్కెళ్లాలి.

గెబావర్ అనే జర్మన్ పరిశోధకుడి బృందం మాట నాకు బాగా నచ్చింది. చుట్టూ అందరూ మతం పాటించే దేశంలో సర్దుకుపోయే గుణమున్నవాళ్లు ఎక్కువ భక్తిగా కనిపిస్తారట, ఎవరూ పట్టించుకోని చోట ఆ సంబంధం పలచబడుతుందట. నలుగురితో పాటు నారాయణా! (మా నాన్న నోట ఈ సామెత వింటే నవ్వుతావు గానీ, దూదేకులోళ్ల ఇంట్లో మాట్లాడేది తెలుగే కదరా.) అలాంటప్పుడు కువైట్‌లో చదివేవాడినీ లండన్‌లో చదివేవాడినీ ఒకే గాటన కట్టి "ముస్లిం విద్యార్థులు ఇలా ఉంటారు" అంటే ఎలా?

ఇంకో చిక్కుంది. పద్ధతిగల మనిషి కాబట్టి ఐదు పూటలా నమాజు చేస్తున్నాడా, ఐదు పూటలా చేసీ చేసీ పద్ధతి వచ్చిందా? ఒక్కసారి కాగితం నింపించుకుంటే అది తేలదు, అదే కుర్రాళ్లను కొన్నేళ్లు వెంటబడి చూడాలి. అన్నట్టు, మీ బావ అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ సిగరెట్ ముట్టలేదన్నావు. మాల తీశాక మళ్లీ మొదలెట్టాడా, లేదా? మర్చిపోకుండా రాయి.

నీ
మస్తాన్