మీ తాత కనిపించారు

హైదరాబాద్,
ఆదివారం

ప్రియమైన శీనుకు,

నీ ఉత్తరానికి రెండు నెలలుగా జవాబు రాయనందుకు మన్నించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పాప పరీక్షలు అయిపోయాయి, మా అపార్ట్‌మెంట్ బోరు మళ్లీ ఎండిపోయింది. ఇంటి సంగతులు ఇంతే. అసలు సంగతి ఏమిటంటే, ఒమాన్ రాజధాని మస్కట్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లినప్పుడు నేను మీ తాతను చూశాను!

బావ మమ్మల్ని అల్ హజర్ పర్వతాల్లోని మిస్ఫత్ అల్ అబ్రియీన్ అనే ఊరికి తీసుకువెళ్లారు. చుట్టూ బోడి బండకొండలు, వాటి నడుమ మెట్లుమెట్లుగా ఖర్జూరపు తోటలు. వెనుకటి రోజుల్లో గాడిదలు నడిచిన కొండదారి ఒకటి ఊరి నుంచి పైకి వెళుతుంది. రాళ్ల మీద పసుపు, తెలుపు, ఎరుపు గుర్తులు చూసుకుంటూ కొంతదూరం ఎక్కాను. తోటల పక్కన సన్నని కాలువలో నీళ్లు గలగల పారుతున్నాయి. దాన్ని ఫలజ్ అంటారు.

కొన్ని ఫలజ్‌లు ఊటల నుంచి, కొన్ని వాగుల నుంచి వస్తాయి. నన్ను విస్మయపరిచినవి దావూదీ రకం: కొండ పాదాన తల్లిబావి తవ్వి, నీరు తనంతట తానే జారేటంత కొద్దిపాటి వాలుతో కిలోమీటర్ల కొద్దీ సొరంగం తొలిచి, పూడిక తీయడానికీ గాలి ఆడడానికీ మధ్యమధ్య నిలువు బావులు దించారు. ఒమాన్‌లో అన్ని రకాలూ కలిపి సుమారు 3,000 ఇప్పటికీ పారుతున్నాయి. ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక తాత మాట. అక్కడ ఒక ముసలాయన వంగి, గుడ్డ చుట్టిన రాయిని తీసి మడవ మార్చాడు. అచ్చం తూము దగ్గర చెరువు నీళ్లు పంచే మీ నీరటి తాత! నీళ్లు ముందు తాగడానికి, తర్వాత మసీదుకూ స్నానాలకూ, ఆ పిమ్మటే తోటలకు. వంతును అసర్ అంటారు, సుమారు అరగంట. పూర్వం పగలు కర్ర నీడను, రాత్రి నక్షత్రాలను చూసి వంతు మార్చేవారట. మన ‘ఎర్రకోడి వంతు’ గుర్తొచ్చి ఒక్కడినే నవ్వుకున్నాను, మరుక్షణమే కళ్లు చెమర్చాయి. తాత పోయాక మన చెరువు కింద ఎవరి బోరు వారిదే అయిపోయింది. ఆయన చేతికర్ర ఇంకా మీ ఇంట్లోనే ఉందా? ఉంటే దాన్ని...

సంక్రాంతికి వస్తావు కదా, బీదర్ వెళదాం. బహమనీల నాటి కారేజ్ అక్కడ ఉంది, అదీ ఇలాంటి సొరంగమే. తల్లిబావిని ఎలా గుర్తిస్తారో కూడా నీకు చెప్పాలి, కానీ కింద నీళ్ల ట్యాంకర్ వచ్చింది, వాచ్‌మన్ పిలుస్తున్నాడు. మిగతాది రేపు రాస్తాను.

నీ
రాజు