ఒంగోలు గెలిపించిన నటుడి గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక, సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి
శ్రీ కందుల దుర్గేష్ గారికి,

నమస్కారం.

2026 డిసెంబరు 31కి కొంగర జగ్గయ్య గారు పుట్టి వందేళ్లు నిండుతాయి. శతజయంతి అంటే ఏం జరుగుతుందో మాకు తెలియనిది కాదు. తెనాలిలో ఒక సభ, విజయవాడలో ఇంకో సభ, దండలు, శాలువాలు, పాత పాటల కచేరీ, మర్నాడు పేపర్లో ఫొటో. ఆయన పుట్టింది తెనాలి దగ్గర మోరంపూడిలో కాబట్టి తెనాలివాళ్ల హక్కును నేను కాదనను. కానీ ఆయన మీద ఒంగోలుకూ ఒక హక్కు ఉంది. ఓట్లేసి సంపాదించుకున్న హక్కు అది.

1967 ఎన్నికల్లో జగ్గయ్య గారు ఒంగోలు నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచారు. మెజారిటీ 80 వేల దాకా అని చెబుతారు. సినిమా నటుడొకరు జనం ఓట్లతో లోక్‌సభలో అడుగుపెట్టడం దేశంలో అదే మొదలని పేరు. సినిమావాళ్ల రాజకీయం అనగానే మనకు తమిళనాడే గుర్తొస్తుంది. అందులో తప్పేమీ లేదు, ఎస్.ఎస్.రాజేంద్రన్ 1962లోనే తేని నుంచి ఎమ్మెల్యే అయ్యారు, ఎంజీఆర్ 1967లో అసెంబ్లీకి వచ్చారు. అయితే ఢిల్లీ దాకా పంపిన ఊరు మాది. ఈ సంగతి మా ఊళ్లోనే చాలామందికి తెలియదు. కర్నూలు రోడ్డులో టీ కొట్టు దగ్గర డిగ్రీ చదివే పిల్లల్ని అడిగి చూశాను. ఇద్దరు మొహాలు చూసుకున్నారు. మూడోవాడు మాత్రం "అల్లూరి సీతారామరాజు సినిమాలో దొర కదా సార్" అన్నాడు. అదే నయం.

ఆ పిల్లవాడు చెప్పింది నిజమే. 1974లో వచ్చిన ఆ సినిమాలో రూథర్‌ఫర్డ్ వేషం జగ్గయ్య గారిదే. అల్లూరిని వేటాడే తెల్లదొరగా జనం చేత తిట్టించుకున్న ఆ మనిషి కుర్రతనంలో స్వాతంత్ర్యోద్యమంలో తిరిగినవాడు, ఉప్పు సత్యాగ్రహం మీద 1962లోనే సొంత డబ్బుతో సినిమా తీసినవాడు. వేషం వేసేనాటికి మాజీ ఎంపీ కూడా.

ఇక్కడే నాదొక చిన్న పేచీ. నటుడు రాజకీయాల్లోకి వచ్చాడంటే మేకప్ తుడుచుకుని నేరుగా నామినేషన్ వేశాడని అనుకోవడం మనకు అలవాటైపోయింది. జగ్గయ్య గారి విషయంలో కథ తిరగేసి ఉంటుంది. ముందు రాజకీయం, ఆ తర్వాత సినిమా. విద్యార్థిగా కాంగ్రెస్, తర్వాత సోషలిస్టులు, కొన్నాళ్లు పత్రికా రచన, కొన్నాళ్లు బడి పంతులు ఉద్యోగం, ఆపైన ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదవడం. సినిమా మొహం చూసింది 1952లో. గుంటూరు ఏసీ కాలేజీ రోజుల్లో ఆయనా ఎన్టీఆర్ గారూ కలిసి నాటకాలాడారు. ఇద్దరూ సినిమాల్లోకే వెళ్లారు, ఇద్దరూ ఎన్నికల్లో గెలిచారు. ఎన్టీఆర్ 1983లో గెలిస్తే జగ్గయ్య గారు అంతకు 16 ఏళ్ల ముందే గెలిచారు. కానీ ఆ ముందు వెళ్లినవాడి పేరు ఏ ఎన్నికల చర్చలోనూ వినపడదు.

గెలవడానికి మొహమే చాలిందా అంటే, ఒంగోలు అంత మెత్తని సీటేమీ కాదు. 1962లో ఇదే నియోజకవర్గం కమ్యూనిస్టు పార్టీ నుంచి మాదాల నారాయణస్వామి గారిని గెలిపించింది. ఎర్రజెండా బలంగా ఉన్న చోట, ఊరు కాని ఊరి నుంచి వచ్చిన మనిషి గెలవాలి. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. కాంగ్రెస్ గుర్తు కాడెద్దులు. ఒంగోలు గిత్త పుట్టిన గడ్డ మీద కాడెద్దుల గుర్తుకు ఓటడగడం ఆయనకు దేవుడిచ్చిన వరం అని మా పేటలో ఒక పెద్దాయన ఇప్పటికీ నవ్వుతాడు.

ఆ పెద్దాయనకు ఎనభై దాటాయి. కళ్లు మసకబారాయి గానీ మాట గట్టిదే. ఆ ఎన్నికల మీటింగుకు పక్క ఊరి నుంచి నడిచి వెళ్లాడట. అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, చేతికర్రతో నేల మీద గీతలు గీస్తూ ఎటునుంచి జీపు వచ్చిందో, జనం ఎక్కడిదాకా నిలబడ్డారో నాకు చూపించాడు. "సినిమా మనిషి ఎట్టుంటాడో చూద్దామని పోయినాం అబ్బయ్యా. చీకట్లో చూసిందేముంది, ఇనిందే. ఆ గొంతు అట్టా వస్తా ఉంటే అరిసేవోడు కూడా అరవడం మానేశాడు" అన్నాడు. ఈలలు, పూలు, సెల్ఫీల కోసం తోపులాట చూస్తున్న మనకు ఇది వింతగా ఉంటుంది. జనం నోరు మూయించిన నటుడన్నమాట! కంచుకంఠం అని ఊరికే అనలేదు. శివాజీ గణేశన్ సినిమాలు తెలుగులోకి వస్తే ఆయనకు అరువిచ్చింది కూడా ఈ గొంతే.

అసలు విషయానికి వస్తాను. ఓట్లు పడిన తర్వాత ఏమైందన్నదే మాకు కావాలి. నటుడు అభ్యర్థి అయితే ప్రచారం గురించి పుస్తకాలకు పుస్తకాలు రాస్తారు, గెలిచాక సభలో ఏం చేశాడో ఒక్క పేజీ రాయరు. ఏలూరు నుంచి కృష్ణ గారు, రాజమండ్రి నుంచి జమున గారు, మచిలీపట్నం నుంచి కైకాల సత్యనారాయణ గారు, కాకినాడ నుంచి కృష్ణంరాజు గారు, అందరి విషయంలోనూ ఇదే తంతు. జగ్గయ్య గారు సభలో ఉన్న ఆ కొద్దికాలంలోనే 1969 తెలంగాణ ఉద్యమం వచ్చింది, బ్యాంకులు జాతీయమయ్యాయి, ఆయన పార్టీ రెండుగా చీలింది, ఆయన గెలిచిన కాడెద్దుల గుర్తు కూడా గల్లంతై 1971కి ఇందిర వర్గం ఆవూదూడ పట్టుకొచ్చింది. 1970 ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తాలూకాలు కోసి మా జిల్లాను ఏర్పాటు చేసిందీ అప్పుడే. ఇన్ని జరుగుతుంటే మా ఎంపీ లేచి ఏం మాట్లాడారు, ఏ ప్రశ్నలు వేశారు? నాలుగో లోక్‌సభ చర్చలను పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో స్కాన్ చేసి ఉంచారు. వాటిలోంచి ఆయన మాటలన్నీ ఏరి, తెలుగు చేయించి, పుస్తకంగా వేసి మా జిల్లాలోని ప్రతి గ్రంథాలయానికీ ఇవ్వండి. బాగా పనిచేశారని తేలితే సంతోషం. లేదని తేలినా మాకు అభ్యంతరం లేదు. పొగడ్తల సావనీరు కంటే అదే మేలు.

గొంతు సంగతి కూడా చూడండి. ఆకాశవాణి మీ చేతిలోది కాదు, కేంద్రానిది. కానీ ఒక మంత్రి రాసే ఉత్తరానికి ఉండే బరువు మా అర్జీలకు ఉండదు. ఆయన చదివిన వార్తలు, నాటకాలు, ప్రసంగాలు ఏ టేపుల్లో ఉన్నా తెప్పించండి. టాగోర్ గీతాంజలిని ఆయన 'రవీంద్రగీత'గా తెలుగు చేశారు. దాన్ని ఎన్టీఆర్ కళాక్షేత్రంలో ఒక సాయంత్రం చదివించండి. చదివేవాళ్లు సినిమా స్టార్లే కానక్కర్లేదు, మా ఊళ్లో నాటకాలాడేవాళ్లు చాలు. విగ్రహం పెడతామంటే వద్దనను గానీ, కూడళ్లలో ఇప్పటికే పెద్దమనుషులు కిక్కిరిసి ఉన్నారు.

అన్నిటికన్నా తొందరగా జరగాల్సింది ఇంకొకటి. 1967లో ఓటు వయసు 21. పద్దెనిమిదికి తగ్గింది 1989లో. అంటే జగ్గయ్య గారికి ఓటేసినవాళ్లలో అందరికన్నా చిన్నవాళ్లకు కూడా ఇప్పుడు ఎనభై ఏళ్లు. దేశంలో మొదటిసారి ఒక నటుణ్ణి లోక్‌సభకు ఎందుకు పంపారో చెప్పగలిగింది వాళ్లే. సినిమా చూసి వేశారా, పార్టీ చూసి వేశారా, ఊరి పెద్ద చెప్పాడని వేశారా? వేయనివాళ్లు ఎందుకు వేయలేదు? ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు. కాలేజీ పిల్లలకు ఫోన్లిచ్చి పంపితే రికార్డు చేసుకొస్తారు. సీఎస్ఆర్ శర్మ కాలేజీ పిల్లలే చేయొచ్చు. చిరంజీవి గారు ఇంటర్ చదివింది ఆ కాలేజీలోనే. మీ పార్టీ అధ్యక్షులు పవన్ కల్యాణ్ గారికేమో నెల్లూరు చదువుకున్న ఊరు. 2019లో రెండు చోట్లా ఓడిపోయి, 2024లో పిఠాపురం నుంచి గెలిచిన ఆయనకు, ఓటరు నటుణ్ణి ఎప్పుడు నమ్ముతాడు, ఎప్పుడు నమ్మడు అన్నది వేరే చెప్పాలా? ఈ పని ఎందుకని ఎవరైనా అడిగితే ఆయన్నే అడగమనండి.

డిసెంబరు దాకా ఆగొద్దని నా మనవి. సభ అప్పుడు పెట్టుకోవచ్చు, రికార్డింగు మాత్రం ముందే మొదలుపెట్టించండి. ఎండాకాలం, చలికాలం రెండూ ఆ వయసుకు గండాలే. మా పేటలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఆ ఎన్నికలు గుర్తున్నవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాసి ఉంచాను. మీ శాఖ నుంచి ఒక మనిషిని పంపితే నేనే బండి మీద ఎక్కించుకుని ఇంటింటికీ తీసుకెళ్తాను. పొద్దున పదిలోపు అయితే మంచిది. భోజనం చేశాక వాళ్లు నిద్రపోతారు.

ఇట్లు,
ఒంగోలు లోక్‌సభ నియోజకవర్గ ఓటరు