ఆ తేదీ ఎందుకో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో రోజూ వచ్చే 'చరిత్రలో ఈ రోజు' శీర్షికను నేను వదలకుండా చదువుతాను. పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంటారు, బడిపిల్లలు బట్టీ పడతారు. అంతమంది నమ్మే శీర్షిక కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒకే తేదీన జరిగిన సంఘటనలను ఒకదాని కింద ఒకటి వేసి ఊరుకుంటున్నారు. వాటిలో అనుకోకుండా కలిసినవి ఏవి, ఎవరో కావాలని ఆ తేదీనే ఎంచుకోవడం వల్ల కలిసినవి ఏవి అన్నది ఎక్కడా చెప్పడం లేదు. నా బాధల్లా అదే.

జనవరి 26నే తీసుకోండి. 1930లో పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ, 1950లో రాజ్యాంగం అమలు. రెండూ ఒకే తేదీ కింద రెండు విడి వార్తల్లా వస్తాయి. రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26న. పౌరసత్వం వంటి కొన్ని అధికరణాలు ఆ రోజే అమల్లోకి వచ్చినా, మిగతా రాజ్యాంగం రెండు నెలలు ఆగింది. ఇరవై ఏళ్ల కిందటి ప్రతిజ్ఞ రోజు కలిసి రావాలనే ఆగింది. ఈ ఒక్క మాట చేర్చకపోతే, చదివేవాళ్లకు అది కేలండర్ చేసిన చిత్రంలా కనిపిస్తుంది తప్ప మనుషులు ఆలోచించి చేసిన పనిలా కనిపించదు.

ఆగస్టు 15 సంగతీ అంతే. 1945లో ఆ రోజు జపాన్ చక్రవర్తి రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. ఆగ్నేయాసియాలో మిత్రపక్షాల సేనాధిపతిగా ఆ యుద్ధం నడిపిన మౌంట్‌బాటన్, దాని రెండో వార్షికోత్సవం అనే మన స్వాతంత్ర్యానికి ఆ తేదీ ఎంచుకున్నానని తర్వాత తనే చెప్పారు. ఉత్తర కొరియా, దక్షిణ కొరియా రెండూ ఆ రోజునే విముక్తి దినంగా జరుపుకుంటాయి. కారణం అదే లొంగుబాటు. అంటే మూడు దేశాల పండుగకు మూలం ఒకటే. నెపోలియన్ 1769లో అదే తేదీన పుట్టడానికి మాత్రం దీనితో ఏ సంబంధమూ లేదు. మీ శీర్షికలో ఇవన్నీ ఒకే వరుసలో, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి.

జర్మనీ చరిత్రలో నవంబర్ 9ని కాస్త నింపాదిగా చూస్తే నేను అడుగుతున్నదేమిటో బాగా తెలుస్తుంది. 1918లో ఆ రోజు జర్మన్ చక్రవర్తి కైజర్ గద్దె దిగినట్టు ప్రకటన వచ్చింది, పార్లమెంటు భవనం రైష్‌టాగ్ నుంచి సోషల్ డెమోక్రాట్ నాయకుడు షైడెమాన్ రిపబ్లిక్‌ను ప్రకటించాడు. 1923లో ఆ రిపబ్లిక్‌ను కూలదోయాలని మ్యూనిక్‌లో హిట్లర్ చేసిన తిరుగుబాటు ఆ రోజే పోలీసు కాల్పులతో ముగిసింది. అధికారంలోకి వచ్చాక నాజీలు అప్పుడు చనిపోయిన తమవాళ్ల పేరిట ఏటా ఆ రోజు మ్యూనిక్‌లో పెద్ద ఎత్తున సంస్మరణ జరిపేవారు. 1938లో కూడా పార్టీ పెద్దలంతా అందుకే అక్కడికి చేరారు. పారిస్‌లో ఒక యూదు యువకుడు కాల్చిన జర్మన్ దౌత్యవేత్త చనిపోయాడన్న కబురు ఆ సాయంత్రం విందులో ఉండగానే అందింది. నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ లేచి రెచ్చగొట్టే ప్రసంగం చేశాడు. నాయకులు అక్కడి నుంచే తమ తమ ప్రాంతాలకు ఫోన్లు చేశారు. ఆ రాత్రి దేశమంతా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి, దుకాణాలు పగిలాయి. ఆ తర్వాతి రోజుల్లో దాదాపు 30,000 మంది యూదు పురుషులను నిర్బంధ శిబిరాలకు తరలించారు. 1923 తేదీకి, 1938 తేదీకి మధ్య ఉన్నది ఆ సంస్మరణ సభ.

బెర్లిన్ గోడ తెరుచుకున్నదీ నవంబర్ 9నే, 1989లో. దీని కథ పూర్తిగా వేరు. తూర్పు జర్మనీ పౌరులు పశ్చిమానికి వెళ్లడానికి పెట్టిన కొత్త నిబంధన మర్నాటి నుంచి, అంటే 10వ తేదీ నుంచి అమల్లోకి రావాలి. దరఖాస్తు పెట్టుకుని, అనుమతి తీసుకుని వెళ్లాలన్నది ఏర్పాటు. ఆ సంగతి విలేకరులకు చెప్పాల్సిన తూర్పు జర్మనీ పాలక పార్టీ నాయకుడు షబోవ్‌స్కీకి దాని మీద జరిగిన చర్చ తెలియదు. చేతికి కాగితం మాత్రం ఇచ్చారు. ఎప్పటి నుంచి అని ఒక విలేకరి అడిగితే, కాగితాలు అటూ ఇటూ తిప్పి, తనకు తెలిసినంతవరకు వెంటనే అనేశాడు. టీవీలో అది విన్న జనం సరిహద్దు గేట్ల దగ్గరికి పోటెత్తారు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో బోర్న్‌హోమర్ వీధి గేటు దగ్గర అధికారులు ఇక ఆపలేక తెరిచేశారు. ఆ తడబాటు లేకపోతే అసలు ఆ తేదీయే వచ్చేది కాదు. అయినా ఏకమైన జర్మనీ దాన్ని జాతీయ దినంగా పెట్టుకోలేదు. 1938 రాత్రి గుర్తుండగా ఆ రోజు సంబరం చేసుకోవడం తగదన్న ఆలోచన అందుకు పెద్ద కారణం. అక్టోబర్ 3ను ఎంచుకున్నారు.

నవంబర్ 9 కింద ఈ నాలుగు సంఘటనలనూ నాలుగు పంక్తుల్లో వేస్తే ఇందులో ఏమీ మిగలదు.

అనుకోకుండా కలిసినవాటినీ అలాగని చెప్పాలి. సెప్టెంబర్ 11న 1893లో వివేకానందుడు షికాగోలో ప్రసంగించారు. 1906లో అదే తేదీన జోహాన్నెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో గాంధీ పాల్గొన్న సభ, ఆసియావాసుల నిర్బంధ రిజిస్ట్రేషన్‌కు లొంగబోమని ప్రతిజ్ఞ చేసింది. 1973లో చిలీలో సైనిక కుట్ర, 2001లో అమెరికా మీద దాడులు. వీటిని ఒక దారంలో గుచ్చి ఏదో మహిమ ఉందన్నట్టు పంచుకునే మెసేజ్‌లు ఏటా వస్తూనే ఉంటాయి. నిజానికి ఏడాదికున్నవి 365 రోజులే, చరిత్రలో సంఘటనలు లక్షలు. 23 మంది ఉన్న గదిలో ఏ ఇద్దరిదో పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే ఉంటుందని గణితం చెబుతుంది. డార్విన్, లింకన్ ఇద్దరూ 1809 ఫిబ్రవరి 12నే పుట్టారంటే ఆశ్చర్యపోవచ్చు, ముచ్చటపడవచ్చు. అంతకు మించి అందులో వెతకాల్సింది లేదు.

ఇక కొన్ని చోట్ల తేదీ ఒకటే అయినా రోజు ఒకటి కాదు. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే కన్నుమూశారని పుస్తక దినోత్సవం రోజు తప్పక వస్తుంది. అప్పటికి స్పెయిన్ కొత్త కేలండర్‌కు మారింది, ఇంగ్లండ్ మారలేదు. రెండిటికీ పది రోజుల తేడా. పైగా సెర్వాంటెస్ చనిపోయింది 22న, 23న జరిగింది ఖననం అని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టింది 1969 జులై 20 అని వేస్తారు. అది అమెరికా తేదీ. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు వేసే సరికి భారత కాలమానంలో జులై 21 ఉదయం 8.26. పరీక్షలో ఏది రాయాలో తెలియక టెన్షన్ పడే పిల్లల కోసమైనా ఏ దేశపు తేదీ వేస్తున్నారో చెప్పండి.

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. రోజూ ఉన్నవాటిలో ఒక్క సంఘటనకైనా, ఆ తేదీ ఎలా వచ్చిందో రెండు వాక్యాలు చేర్చండి. పాత కేలండర్ తేదీ అయితే పక్కన ఆ మాట వేయండి. చోటు చాలకపోతే జననాలు, మరణాల జాబితాలోంచి రెండు మూడు పేర్లు తీసేయండి, ఫరవాలేదు. తేదీ తప్పు పడిందని పాఠకులు రాస్తే ఆ సవరణను లోపలి పేజీలో కాకుండా అదే శీర్షిక కింద, మర్నాడే వేయండి. నోట్సులో రాసుకున్నవాళ్ల కళ్లు పడేది అక్కడే.

— మీ పాఠకుడు