రేడియో గదిని పడగొట్టొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

కందుకూరు దగ్గర మా ఊళ్ళో రావిచెట్టు పక్కన ఒక చిన్న పెంకుటి గది ఉంది. పదిమంది నిలబడితే నిండిపోయేంత గది. గోడకు వేసిన సున్నం పెచ్చులూడిన చోట 'రేడియో' అన్న అక్షరాలు ఇప్పటికీ కనబడతాయి. దాన్ని పడగొట్టి, ఆ జాగాలో రెండు షాపులు కట్టి అద్దెకివ్వాలని పెద్దలు అనుకుంటున్నారు. వచ్చే గ్రామసభలో తీర్మానం పెడతారట. ఆ గదిని ఉంచమనీ, అందులో మళ్ళీ రేడియో పెట్టి రోజూ సాయంత్రం గంటన్నరసేపు మోగించమనీ అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. నాకు 78 ఏళ్ళు. ఆ గది తాళంచెవి ఇంకా మా ఇంట్లోనే ఉంది.

మా నాయన మొట్టమొదట రేడియో విన్నది మద్రాసులో, 1930ల్లో. బంధువుల ఇంటికి వెళితే వాళ్ళు సాయంత్రం మెరీనా బీచికి తీసుకెళ్ళారట. ఇసకలో జనం గుంపులుగా కూర్చుని ఉన్నారు. సంగీతం వినబడుతోంది, పాడే మనిషి మాత్రం కనబడడు. పాట అయ్యాక చుట్టుపక్కల వాళ్ళు చప్పట్లు కొట్టారు. "ఎవరికి కొడుతున్నానో తెలీకుండానే నేనూ కొట్టాను" అని నాయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఆ బీచి లౌడ్‌స్పీకర్ల వెనక కథ నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి అనే ఆయన, మరికొందరు ఔత్సాహికులు కలిసి మద్రాసులో రేడియో క్లబ్బు పెట్టారు. ఆ ఏడాది జూలై 31న ప్రసారాలు మొదలయ్యాయి. డబ్బు చాలక 1927లో క్లబ్బు మూతపడింది. ప్రసార యంత్రాన్ని మద్రాసు కార్పొరేషన్‌కు ఇచ్చేశారు. కార్పొరేషన్ వాళ్ళు 1930 ఏప్రిల్ 1 నుంచి సాయంత్రాలు ప్రసారాలు నడిపారు. రేడియో అంటే అప్పుడు డబ్బున్న వాళ్ళ వస్తువు. అది కొనలేని వాళ్ళు కూడా వినాలని బీచిలోనూ పార్కుల్లోనూ లౌడ్‌స్పీకర్లు కట్టారు. 1938 జూన్ 16న ఆల్ ఇండియా రేడియో మద్రాసు స్టేషను వచ్చేదాకా అలాగే సాగింది. కాబట్టి మన దక్షిణాదిలో రేడియో పుట్టిన కొత్తల్లోనే వీధిలోకి వచ్చింది. తలుపు వేసుకుని ఒక్కరే వినేది కాదు, పదిమందీ కలిసి కూర్చుని వినేది.

మా ఊరికి అది రావడానికి కారణం మాత్రం పాటలు కాదు. 1952లో పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో నిరాహార దీక్షకు కూర్చున్నప్పుడు మా వైపు ఎవరికీ నిద్ర లేదు. ఆయన పెద్దల ఊరు కనిగిరి వైపు పడమటిపల్లె. ఆయన మన మనిషి. చివరి రోజుల్లో నాయనా, మరో నలుగురూ పొద్దుగూకాక కందుకూరు నడిచి వెళ్ళి, ఒక కొట్టు ముందు నిలబడి రేడియో వార్తలు విని, అర్ధరాత్రికి ఇల్లు చేరేవాళ్ళట. డిసెంబరు 15న ఆయన పోయారు. తర్వాత నాలుగు రోజులకు, 19న, ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూగారు ప్రకటించారు. ఆ నాలుగు రోజులూ రైళ్ళు సరిగా నడవలేదు, గొడవలు జరిగాయి, ఏ పుకారు నిజమో ఏది కాదో తెలియలేదు. మన ఊళ్ళో ఒక రేడియో ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు కదా అని అప్పుడు అనుకున్నారు. పంచాయతీలకు ప్రభుత్వం సబ్సిడీ మీద రేడియోలు ఇస్తోందని తెలిసి, చందాలు వేసుకుని, 1956లో తెచ్చారు. నాయన ఎలిమెంటరీ స్కూలు మాస్టరు కాబట్టి దాన్ని చూసుకునే పని ఆయనకే అప్పజెప్పారు.

అప్పటికి మాకు కరెంటు లేదు. అది బ్యాటరీ సెట్టు. రెండు సరుగుడు వాసాలు పాతి వాటి మధ్య రాగితీగ కట్టారు, అదే ఏరియల్. ఇంకో తీగ భూమిలోకి దించారు. ఎండాకాలం నేల ఎండిపోతే గరగర ఎక్కువయ్యేది. అందుకని సందేళ రేడియో పెట్టేముందు ఆ తీగ మొదట్లో ఒక చెంబెడు నీళ్ళు పోయాలి. ఆ చెంబు పని నాది. స్విచ్చి వేయగానే మోగేది కాదు, లోపల వాల్వులు వేడెక్కాలి. ఆ కాసేపూ వందమంది మాట్లాడకుండా కూర్చునేవాళ్ళు.

అటు విజయవాడ, ఇటు మద్రాసు, రెంటికీ మేము దూరమే. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ స్టేషను పగలు సన్నగా వినబడేది. పొద్దుగూకితే మాత్రం గొంతు దగ్గరకొచ్చేది. పగటి ఎండకు ఆకాశంలో తయారయ్యే ఒక పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుందనీ, చీకటి పడితే ఆ పొర పోయి, తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి దూరంగా వచ్చి పడతాయనీ నేను సైన్సు చెప్పే రోజుల్లో పిల్లలకు వివరించేవాణ్ణి. చిన్నప్పుడైతే చీకటే రేడియోని మోసుకొస్తుందని నమ్మేవాణ్ణి.

వ్యవసాయం మాటలు, పాటలు, ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, అన్నీ వినేవాళ్ళం. సినిమా పాటలు తక్కువ. రేడియోని చూసే సమాచార ప్రసార శాఖకు అప్పటి కేంద్ర మంత్రి కేస్కర్‌గారికి అవి నచ్చవు. అందుకే కుర్రాళ్ళు సినిమా పాటలు వేసే సిలోను (శ్రీలంక) రేడియో పెట్టమని నాయన చుట్టూ తిరిగేవాళ్ళు. 1957లో సినిమా పాటలతో ఆకాశవాణి వారి వివిధ భారతి వచ్చాక గాని వాళ్ళ ఆరాటం తగ్గలేదు. 1962లో మన బుచ్చిరెడ్డిపాలెం బెజవాడ గోపాలరెడ్డిగారే ఆ శాఖకు మంత్రి అయ్యారు. ఆ వార్త మేము విన్నదీ ఆ గది ముందే.

అన్నిటికన్నా నాటకం ఉన్న రాత్రి వేరు. హరికథలూ, తోలుబొమ్మలాటలూ తెల్లవార్లూ చూసిన జనం వాళ్ళు. కిరీటాల్లేవు, తెర లేదు, దివిటీ లేదు. అయినా కళ్ళు మూసుకుని వినేవాళ్ళు. ఒక రాత్రి నాటకంలో కొడుకు రంగూను వెళ్ళి ఏళ్ళు గడిచినా తిరిగిరాడు. తల్లి రేవులో ఓడ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఓడ కూత వినబడింది. అంతలో రేడియో గొంతు తగ్గడం మొదలైంది. బ్యాటరీ అయిపోతోంది. ముందువరసలో వాళ్ళు లేచి గది గుమ్మం దాకా వెళ్ళి చెవులు ఆనించారు. ఆ తల్లి ఏదో అడుగుతోంది, ఏం అడిగిందో అందలేదు. కాసేపటికి సెట్టు మొత్తం ఆగిపోయింది.

వారం రోజులు ఊళ్ళో అదే చర్చ. కొడుకు ఓడలో ఉన్నాడని కొందరు, లేడని కొందరు. చివరికి నాయన స్టేషనుకు కార్డు రాశాడు. నెల తర్వాత జవాబు వచ్చింది, రెండే వాక్యాలు. కొడుకు ఓడలో వచ్చాడనీ, తల్లి మొదట గుర్తుపట్టలేదనీ. నాయన ఆ సాయంత్రం రేడియో పెట్టకముందే దాన్ని గట్టిగా చదివాడు. మా వీధిలో ఒక అవ్వ ఉండేది, ఆమె కొడుకు నిజంగానే బర్మా వెళ్ళి రాలేదు. ఇంకోసారి చదువు నాయనా అంది. చదివాడు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అందరం కలిసి కూర్చుని విన్నామంటే అది పూర్తిగా నిజం కాదు. ఆడవాళ్ళు అరుగుల మీదా, గుమ్మాల్లోనూ ఉండి వినేవాళ్ళు. దళితవాడ వాళ్ళు రావిచెట్టు దాకా రాకుండా బావి దగ్గరే నిలబడేవాళ్ళు. గొంతు అందరికీ చేరేది, చాప అందరికీ పరిచేవాళ్ళు కాదు. ఆ గది మళ్ళీ తెరిస్తే ఈసారి చాప అందరికీ ఒకటే ఉండాలి. నా కోరికలో అది సగం.

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఎవరింట్లో వాళ్ళు వినసాగారు. గదిలో ఎరువుల బస్తాలు వేశారు, తర్వాత తాళం పడింది. ఇప్పుడు ఆకాశవాణి ఫోనులోనే వస్తుంది కదా మాస్టారూ అని మా ఊరి కుర్రాళ్ళు అంటున్నారు. వస్తుంది, నా ఫోనులోనూ ఉంది. కానీ సాయంత్రం ఆరింటికి మా వీధిలో నడిచి చూడండి. నా ఈడు వాళ్ళు ప్రతి ఇంట్లో ఒక్కొక్కరే టీవీ ముందు కూర్చుని ఉంటారు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. రోజంతా ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడని వాళ్ళను నేను పేరుపేరునా చెప్పగలను. వాళ్ళను బయటికి రప్పించడానికి ఏదో ఒక వంక కావాలి. మా నాయన కాలంలో ఆ వంక రేడియో.

లౌడ్‌స్పీకరు అంటే గోల అని మరికొందరి భయం. నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా దాన్ని వాడకూడదు. మేము అడుగుతున్నది ఆరున్నర నుంచి ఎనిమిది వరకే, అదీ చెట్టు కింద వాళ్ళకు వినబడేంత. పెంకులు సరిచేయడం, గోడకు సున్నం, ఒక సెట్టు, నాలుగు చాపలు, ఇవే ఖర్చులు. సున్నం ఖర్చు నేను పెట్టుకుంటాను. షాపులకు బస్టాండు వైపు పంచాయతీ స్థలం ఖాళీగానే ఉంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి గదులు ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. మీ పాఠకుల్లో ఎవరి ఊళ్ళోనైనా ఉంటే, ఆ గది ముందు కూర్చుని విన్నవాళ్ళు బతికుండగానే వాళ్ళ మాటలు ఫోనులో రికార్డు చేసి పెట్టమని వేడుకుంటున్నాను. మా ఊళ్ళో అప్పటివాళ్ళం ఐదుగురమే మిగిలాం.

గ్రామసభ రోజు తాళంచెవితో పాటు మా ఇంట్లో ఉన్న పాత సెట్టు కూడా తీసుకెళతాను. ఏరియల్ తీగ కట్టడానికి ఇద్దరు కుర్రాళ్ళు ఒప్పుకున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కందుకూరు ప్రాంతం